ప్యాకేజీలో లేని చోటు

ఐదు రోజుల సింగపూర్ టూరు. నాలుగు రోజులూ అందరూ చూసేవే చూశారు. ఐదోరోజు మాత్రం ఆ ఇంటి పెద్దావిడ ఓ కోరిక కోరింది. ఎనభై రెండేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ పైకి అనని ప్రశ్న ఒకటుంది. దానికి జవాబు వెతుక్కుంటూ వెళ్లిన ఓ కుటుంబం కథ ఇది.

టూరు ఏజెంటు ఇచ్చిన రంగుల కాగితంలో మొదటి నాలుగు రోజులూ నిండుగా ఉన్నాయి. ఒకరోజు రాత్రి సఫారీ. ఒకరోజు బస్సులో ఊరంతా చుట్టడం. ఒకరోజు సెంటోసా దీవి. ఇంకోరోజు పొద్దుటినుంచి రాత్రిదాకా యూనివర్సల్ స్టూడియోస్. ఐదోరోజుకి ఎదురుగా మాత్రం రెండే రెండు మాటలు... 'ఖాళీ. షాపింగ్.'

విదేశీ ప్రయాణంలో ఆఖరిరోజుకి ఉండే గొడవే వేరు. మొదటిరోజు అన్నీ వింతే. మధ్యలో అలసట. ఆఖరిరోజుకి వచ్చేసరికి ఒక్కసారిగా లెక్కలు మొదలవుతాయి. చూడనివి ఎన్ని? కొనాల్సినవి ఎన్ని? చేతిలో ఎన్ని గంటలున్నాయి? పెట్టెలో ఇంకా ఎన్ని కిలోలు పడతాయి? 'మళ్లీ ఎప్పుడొస్తామో' అన్న మాట ఆ రోజు కనీసం పదిసార్లు వినపడుతుంది.

2024 దసరా సెలవుల్లో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఆ కుటుంబంలోనూ అదే జరిగింది. కొడుకు, కోడలు, పదేళ్ల మనవరాలు, ఆరేళ్ల మనవడు, అరవై ఎనిమిదేళ్ల నానమ్మ. విమానం రాత్రికి. నాలుగోరోజు రాత్రి హోటల్ గదిలో మంచం మీద మ్యాపు పరిచి కూర్చున్నారు.

కొడుక్కి మెర్లయన్ దగ్గర మళ్లీ ఫొటోలు దిగాలని ఉంది. బస్సు టూరులో అక్కడ దింపింది పావుగంటే, ఆ పావుగంటా వానే! కోడలికి ముస్తఫాలో షాపింగ్. చాక్లెట్లు, టైగర్ బామ్, ఆఫీసులో వాళ్లకి పెర్ఫ్యూములు... ఆవిడ జాబితా రెండు పేజీలుంది. పిల్లలకైతే ఎయిర్‌పోర్టులో ఉన్న జలపాతం చూడాల్సిందే. విమానాశ్రయంలో, అదీ నాలుగు గోడల మధ్య జలపాతమేమిటని నానమ్మ నాలుగు రోజులుగా నవ్వుతూనే ఉంది.

"మరి నీకేం చూడాలనుందమ్మా?" కొడుకు మాటవరసకే అడిగాడు. ఎందుకంటే ఆవిడ జవాబు అతనికి తెలుసు. 'నాకేముందిరా, మీరెక్కడికంటే అక్కడికే' అంటుంది. నాలుగు రోజులూ అదే అంది.

ఆ రాత్రి మాత్రం అనలేదు. పర్సులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. ఊళ్లో పక్కింటివాళ్ల అబ్బాయి సింగపూర్‌లో ఉద్యోగం చేసి వచ్చాడట. అతనితో రాయించుకున్న ఒకే ఒక్క మాట. తెలుగులోనే ఉంది.

'క్రాంజీ.'

"యుద్ధంలో పోయినవాళ్ల పేర్లన్నీ అక్కడ గోడల మీద చెక్కారటరా. పెదనాన్న పేరు ఉందేమో చూద్దాం."

గదిలో ఎవరూ ఏమీ అనలేదు. కొడుకు మాత్రం మ్యాపు ఇంకోసారి చూశాడు. క్రాంజీ ఆ కాగితానికి పైచివరన, మలేషియాను ఆనుకుని ఉంది.

వంతెనలు కట్టే పటాలం

పెదనాన్న అంటే నానమ్మ తండ్రికి అన్నగారు. ఆయన్ని ఆవిడ చూడలేదు. ఆవిడ పుట్టేనాటికే ఆయన వెళ్లి పదహారేళ్లు.

గోదావరి జిల్లాల నుంచి పటాలంలో చేరడం కొత్త సంగతేమీ కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని జనం ఇప్పటికీ మిలటరీ మాధవరం అనే అంటారు. మొదటి ప్రపంచయుద్ధం నుంచీ ఆ ఊరి మగపిల్లలు సైన్యంలోకి వెళ్తూనే ఉన్నారు. నానమ్మ పుట్టిల్లు అక్కడికి దూరమే, గోదావరి గట్టు పక్కన. ఆ ఊరికి అలాంటి పేరు లేదు. అక్కణ్నుంచి వెళ్లింది నలుగురో ఐదుగురో. వాళ్లలో ఒకరు పెదనాన్న.

బెంగళూరులో మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్‌లో చేరాడు. ఊళ్లోవాళ్లు దాన్ని 'వంతెనలు కట్టే పటాలం' అనేవారు. సైన్యానికి ముందు నడిచి దారులు వేయడం, వంతెనలు కట్టడం, వెనక్కి తగ్గాల్సి వస్తే ఆ వంతెనల్నే పేల్చేయడం వాళ్ల పని. ఒక్కసారి సెలవు మీద వచ్చాడు. 1941 చివర్లో సింగపూర్ నుంచి ఓ ఉత్తరం రాశాడు. ఇక్కడ కొబ్బరిచెట్లు మనూళ్లోలాగే ఉన్నాయని, మళ్లీ సెలవు దొరగ్గానే వస్తానని. అంతే. ఆ తరవాత వచ్చింది టెలిగ్రామే... 'ఆచూకీ తెలియడం లేదు' అని.

చనిపోయాడని రాలేదు. బతికున్నాడనీ రాలేదు.

అప్పటికి దొడ్డమ్మకు పద్దెనిమిదేళ్లు. పిల్లల్లేరు. పుట్టింటివాళ్లు వచ్చి తీసుకెళ్తామన్నారు. వెళ్లలేదు. ఆయన వస్తే ఇక్కడికే కదా వచ్చేది అంది. యుద్ధం అయిపోయింది. స్వరాజ్యం వచ్చింది. సర్కారు నుంచి పింఛను కాగితాలొచ్చాయి. భర్త పోయినట్టు ఒప్పుకుంటూ వేలిముద్ర వేస్తే నెలనెలా డబ్బు వస్తుంది. ఇంట్లో ఇబ్బందులున్న రోజులే. అయినా దొడ్డమ్మ వేలు ముందుకు చాపలేదు.

"డబ్బు కోసం ఆయన్ని చంపమంటారా?" అందట.

నానమ్మని పెంచింది ఆ దొడ్డమ్మే. జడ వేసింది, అన్నం కలిపి ముద్దలు పెట్టింది, పెళ్లికి పసుపు కొట్టింది. నుదుట కాసంత బొట్టు, మెడలో పసుపుతాడు. బోసుబాబు సైన్యంలో కలిశాడని ఒకరు, బర్మాలో మరో సంసారం ఉందని ఇంకొకరు రకరకాలుగా చెప్పేవారు. దొడ్డమ్మ అన్నీ వినేది. బర్మా సంసారం మాట విన్నప్పుడు కూడా, "ఉంటే ఉండనీ, బతికుంటే చాలు" అనేదట.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద ఆ ఇంట్లో నడుం లోతు నీళ్లు నింపింది. ట్రంకుపెట్టెలోని ఉత్తరం, టెలిగ్రాం, పటాలం నంబరున్న కాగితం తడిసి ముద్దయ్యాయి. ఐదేళ్ల తరవాత 1991లో దొడ్డమ్మ పోయింది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, పూలు తురిమి ముత్తయిదువలాగే సాగనంపారు.

ఆ తరవాతా ఓ చిక్కు మిగిలిపోయింది. సంక్రాంతికి పెద్దలకి పెట్టుకోవడం కోస్తాలో చాలా ఇళ్లలో ఉన్న ఆనవాయితీ. పోయినవాళ్ల పేరు చెప్పి, పిండివంటలు వడ్డించి, కొత్త బట్టలు పెట్టి దండం పెట్టుకుంటారు. ఆ ఇంట్లో తాతకి పంచె పెడతారు, నాయనమ్మకి చీర పెడతారు. 1992 నుంచీ దొడ్డమ్మకీ చీర పెడుతున్నారు. పెదనాన్నకి మాత్రం ఏమీ లేదు. దొడ్డమ్మ ఉన్నన్నాళ్లూ పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆవిడ పోయాక పెట్టడానికి తండ్రికి మనసొప్పలేదు. తండ్రి కూడా పోయాక, ఇప్పుడు ఊళ్లో ఉంటున్న తమ్ముడు ఏటా అక్కకి ఫోన్ చేసి అదే మాట అడుగుతాడు.

"ఈసారైనా పెట్టమంటావా అక్కా?"

ఏటా ఆవిడ చెప్పే జవాబూ ఒకటే. "తెలీకుండా ఎలా పెడతాంరా?"

ఎర్ర లైన్ రైల్లో

ఐదోరోజు పొద్దున్నే గది ఖాళీ చేసి, పెట్టెలు హోటల్‌లో అప్పగించి ఎనిమిదింటికల్లా బయటపడ్డారు. ముందు మెర్లయన్. తల సింహం, ఒళ్లు చేప. ఎనిమిది మీటర్లకి పైగా ఎత్తున్న తెల్లటి బొమ్మ నోట్లోంచి నీళ్లు చిమ్ముతూ ఉంటుంది. 1972లో నది మొదట్లో పెట్టిన ఈ బొమ్మని 2002లో ఇప్పుడున్న చోటికి మార్చారు. నీళ్లకి అవతల మూడు భవనాల నెత్తిన ఓడ ఎక్కించినట్టుండే మెరీనా బే సాండ్స్. ఆ రోజు వాన లేదు. ఫొటోలు బాగానే వచ్చాయి. కానీ కొడుకు ఎంత నవ్వమన్నా నానమ్మ సరిగ్గా నవ్వలేదు.

పక్కనే ఉన్న రాఫిల్స్ ప్లేస్ స్టేషన్‌లో ఎర్ర లైన్ రైలు ఎక్కారు. అక్కణ్నుంచి క్రాంజీకి ముప్పావుగంట పైనే. కొంతదూరం పోయాక రైలు సొరంగంలోంచి పైకొచ్చింది. కిటికీల్లోంచి ఒకేలా ఉండే అపార్ట్‌మెంట్లు, బయటికి వెదురుబొంగుల మీద ఆరేసిన బట్టలు, మధ్యమధ్య దట్టంగా చెట్లు. ప్యాకేజీ బస్సు చూపించని సింగపూర్.

కొడుకు ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాడు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ వాళ్లకో వెబ్‌సైటు ఉంది. యుద్ధంలో పోయిన సైనికుడి పేరు కొడితే, ఏ పటాలం, ఏ తేదీ, ఏ స్మారకంలో ఎన్నో నంబరు వరుసలో పేరుందో చెబుతుంది. అతను పేరు కొట్టాడు. స్పెల్లింగ్ మార్చి ఇంకోసారి కొట్టాడు. మళ్లీ మార్చాడు.

ఎదురు సీట్లో కూర్చున్న నానమ్మ అతని మొహాన్నే చూస్తోంది.

"ఉందా?"

"ఉంది..." కొంచెం ఆగి అన్నాడు. "రెండున్నాయమ్మా."

ఒకే పేరు. ఒకే పటాలం. ఇద్దరూ శాపర్లే. ఆ రోజుల్లో ఇంగ్లీషు గుమాస్తాలు మనవాళ్ల పేర్లని ఎలా వినపడితే అలా రాసుకున్నారు. ఇంటిపేర్లు లేవు. కొందరికి తండ్రి పేరు, ఊరు కూడా ఉన్నాయి. ఈ ఇద్దరికీ అవీ లేవు. ఉన్నది పటాలం నంబరు ఒక్కటే. అది రాసున్న కాగితాన్ని గోదారి తీసుకెళ్లింది.

ఒకరు పోయింది 1942 జనవరిలో. రెండోవారు 1944లో.

తేదీల వెనక చరిత్ర తెలిస్తేగానీ ఆ తేడా ఏమిటో అర్థంకాదు. జపాన్ సైన్యం 1941 డిసెంబరు 8న మలయా ఉత్తరాన కోట బారు దగ్గర దిగింది. అక్కణ్నుంచి కిందికి తరుముకుంటూ వచ్చింది. వెనక్కి తగ్గే బ్రిటిష్ సైన్యం కోసం దారిపొడవునా వంతెనలు పేల్చింది శాపర్లే. జనవరి 31న మలయాను సింగపూర్‌తో కలిపే కట్టనీ తెగ్గొట్టారు. అయినా ఆగలేదు. ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. మొత్తం డెబ్భై రోజుల యుద్ధం. అంటే 1942 జనవరిలో పోయినవాడు యుద్ధంలో పోయినట్టు. 1944లో పోయినవాడు యుద్ధఖైదీగా రెండేళ్లు బతికి పోయినట్టు.

"ఇద్దర్లో మన ఆయన ఎవరు నాన్నా?" మనవరాలు అడిగింది.

ఎవరూ చెప్పలేదు. రైలు ఉడ్‌ల్యాండ్స్ దాటింది.

పచ్చిక మీద వరుసలు

క్రాంజీ స్టేషన్ నుంచి పావుగంట నడక. రోడ్డు పక్కన లారీలు దూసుకుపోతున్నాయి. గేటు దాటి లోపల అడుగుపెట్టగానే ఆ చప్పుడు వెనకబడిపోయింది.

ఎదురుగా పచ్చటి గుట్ట. దానిమీద మెట్లు మెట్లుగా, గీత గీసినట్టు వరుసల్లో తెల్లటి సమాధి రాళ్లు. నాలుగున్నర వేలకి దగ్గర. వాటిలో ఎనిమిది వందల యాభైకి పైగా సమాధుల్లో ఉన్నది ఎవరో ఇప్పటికీ తెలియదు. ఈ చోటు యుద్ధానికి ముందు మిలటరీ క్యాంపు. జపాన్ వాళ్ల కాలంలో ఖైదీల శిబిరం, దానికో ఆసుపత్రి. పోయినవాళ్లని తోటి ఖైదీలే ఇక్కడ పాతిపెట్టారు. యుద్ధం ముగిశాక మిగతా చోట్ల ఉన్న సమాధుల్నీ ఇక్కడికే తెచ్చారు.

గుట్ట మీద 1957లో ఆవిష్కరించిన సింగపూర్ స్మారకం. విమానం రెక్కలాంటి పొడవాటి కప్పు, మధ్యలో ఆకాశంలోకి లేచిన స్తంభం, కొసన నక్షత్రం. కప్పు కింద వెడల్పాటి గోడలు. వాటికి రెండువైపులా పైనుంచి కింది దాకా పేర్లు. ఇరవై నాలుగు వేలకి పైచిలుకు. వీళ్లెవరికీ సమాధుల్లేవు. ఎక్కడ పోయారో తెలిసినా, ఒళ్లు దొరకనివాళ్లు. ఇంగ్లండు, ఆస్ట్రేలియా, మలయా మనుషుల పక్కన వేలల్లో మనవాళ్లు. పంజాబు పటాలాలు, గూర్ఖాలు, గఢ్వాల్, హైదరాబాద్, మద్రాసు...

నానమ్మకి మోకాళ్ల నొప్పులు. టూరు మొత్తంలో ఎక్కడ మెట్లు కనబడ్డా 'మీరెళ్లి రండి' అని కింద కూర్చుండిపోయిన మనిషి. ఇక్కడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గుట్ట ఎక్కేసింది.

పైన గోడ మీద చెక్కిన నాలుగు మాటలున్నాయి. కొడుకు చదివి చెప్పాడు. "ఈ పేర్లున్నవాళ్లంతా యుద్ధంలో ప్రాణాలిచ్చారట. కానీ చనిపోయిన తోటివాళ్లకి జరిగిన కర్మకాండలు మాత్రం వీళ్లకి జరగలేదట. యుద్ధం ఆ అదృష్టం కూడా దక్కనివ్వలేదని రాశారు."

ఆవిడ వింది. "ఇంగ్లీషువాళ్లకి కూడా తెలిసిందన్నమాట" అంది.

ప్రతి వరుస పైనా నంబరుంది. వెతకడం మనవరాలి పని అయింది. నూటపదో నంబరు దగ్గర మొదలుపెట్టిందో ఏమో, నంబర్లు చదువుకుంటూ గోడల మధ్య పరుగులు తీసింది. మనవడు దాని వెనకే. పిల్లల్ని అలా పరిగెత్తనివ్వొచ్చో కూడదో కోడలికి అర్థంకాలేదు. నానమ్మే అంది, "పోనీలే, ఇన్నేళ్లకి ఇక్కడ మన పిల్లల గొంతు వినబడనీ."

"నానమ్మా! దొరికింది!"

శాపర్స్ అండ్ మైనర్స్ అన్న శీర్షిక కింద, హోదాల వారీగా, అక్షరక్రమంలో చిన్నచిన్న ఇంగ్లీషు అక్షరాలు. ఒకదాని కింద ఒకటి ఒకే పేరు రెండుసార్లు.

నానమ్మ ఎనిమిదో తరగతి వరకు చదివింది. ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతుంది. వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదివింది. మొదటిది. తరవాత రెండోది. ఏడుస్తుందేమోనని కొడుకు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆవిడ ఏడవలేదు. చాలాసేపయ్యాక అడిగింది.

"ఒరే... మరి దొడ్డమ్మ పెట్టుకున్న బొట్టు?"

పొద్దుటినుంచీ, నిజానికి ముప్పయ్యేళ్ల నుంచీ ఆవిడ్ని తొలుస్తున్న ప్రశ్న అదేనని కొడుక్కి అప్పుడే తెలిసింది. ఏటా తమ్ముడికి 'తెలీకుండా ఎలా పెడతాం' అని చెప్పింది అందుకే. తెలిస్తే, దొడ్డమ్మ అన్నేళ్లు నమ్మింది అబద్ధమని తేలిపోతుంది. ఆ అబద్ధాన్ని తన చేత్తో పెట్టే పంచెతో రుజువు చేసినట్టవుతుంది. తెలుసుకోవాలనీ ఉంది, తెలియకపోతే బావుండనీ ఉంది. క్రాంజీ అని రాయించుకున్న కాగితాన్ని నాలుగు రోజులు పర్సులోంచి తీయకపోవడం కూడా అందుకే.

కొడుక్కి ఏం చెప్పాలో తెలియలేదు. కోడలు చెప్పింది. ఆవిడ అప్పటివరకు ఏమీ మాట్లాడలేదు, షాపింగ్‌కి టైమైపోతోందని కూడా అనలేదు.

"అత్తయ్యా, ఆవిడ ఎప్పుడైనా ఆయన వస్తాడని అనేవారా?"

నానమ్మ ఆలోచించింది. చిన్నప్పుడు అనేది. తరవాత తరవాత అనడం మానేసింది. చివరి ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా అన్న గుర్తులేదు. బొట్టు మాత్రం మానలేదు.

"తెలుసేమో అత్తయ్యా. తెలిసే పెట్టుకున్నారేమో. ఆయన ఉన్నారని కాదు... ఆయన మనిషినని."

నానమ్మ కోడలి వంక చూసింది. పన్నెండేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. వంటింట్లో ఉప్పూకారాల దగ్గర్నుంచి పిల్లల చదువుల దాకా ఎన్నో మాట్లాడుకున్నారు. ఇలాంటి మాట ఎప్పుడూ రాలేదు.

బ్యాగులో హోటల్ టిఫిన్ బల్ల మీంచి తెచ్చుకున్న రెండు కమలాపళ్లున్నాయి. పిల్లలు ఆకలంటే పెడదామని తెచ్చినవి. గోడ కింద రెండూ పెట్టింది. చెంగు తలమీంచి కప్పుకుని దండం పెట్టింది. మనవడు కూడా కళ్లు గట్టిగా మూసుకుని దండం పెట్టాడు, పళ్లు ఉన్నాయో లేదో మధ్యలో ఓసారి చూసుకుంటూ.

ఫారర్ పార్క్ మైదానం

మళ్లీ ఎర్ర లైన్. ధోబీ ఘాట్‌లో దిగి ఊదా రంగు లైన్. ముస్తఫాకి వెళ్లాలంటే దిగాల్సిన స్టేషన్ ఫారర్ పార్క్. అరిటాకులో భోజనాలు చేసేసరికి రెండయింది. కోడలు జాబితా తీసింది. కొడుకు మాత్రం తింటున్నంతసేపూ ఫోన్‌లో ఏదో చదువుతూనే ఉన్నాడు.

"అమ్మా, ఇదే చోటు" అన్నాడు.

సింగపూర్ లొంగిపోయిన రెండోరోజు, అంటే 1942 ఫిబ్రవరి 17న, భారతీయ సైనికుల్ని మాత్రం విడిగా ఓ మైదానానికి రమ్మన్నారు. సుమారు 45 వేలమంది వచ్చారు. బ్రిటిష్ అధికారులు వాళ్లని జపాన్ వాళ్లకి అప్పగించేసి వెళ్లిపోయారు. కెప్టెన్ మోహన్ సింగ్ లేచి, ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరమని పిలిచింది ఆ రోజే. తరవాత 1943లో సుభాష్ చంద్రబోస్ వచ్చి దానికి నాయకుడయ్యాడు. కొందరు చేరారు. చేరనివాళ్లు ఖైదీలుగా ఉండిపోయారు. వాళ్లలో చాలామందిని ఓడలెక్కించి న్యూగినీ లాంటి దూరపు దీవుల్లో పనికి పంపారు. ఆ మైదానం పేరు ఫారర్ పార్క్.

నాలుగు రోజులుగా వాళ్లు ఉన్న హోటల్ అక్కడికి ఐదు నిమిషాల నడక. రోజూ ఉదయం టూరు బస్సు కోసం నిలబడింది ఆ దగ్గర్లోనే. ఇడ్లీలు తిన్నది, సిమ్‌కార్డు కొన్నది, మనవడు ఐస్‌క్రీం కోసం ఏడ్చింది ఆ చుట్టుపక్కలే.

"1944లో పోయినవాడు మన ఆయనే అయితే, ఆ రోజు ఇక్కడ ఉండి ఉంటాడు" అన్నాడు కొడుకు.

"కాకపోతే?"

"కాకపోతే ఇంకొకాయన ఉండి ఉంటాడు."

విదేశాలకి వెళ్లినప్పుడు ఆఖరిరోజు దాకా మనం వెతికేది కొత్తవాటినే. మన ఊళ్లో లేనివాటినే. అందుకే అంతంత డబ్బు పోసి వెళ్తాం. అందులో తప్పేమీ లేదు. కానీ ఈ ఆగ్నేయాసియా ఊళ్లలో... సింగపూర్‌లోనో, పినాంగ్‌లోనో, రంగూన్‌లోనో... మనకంటే ముందే వచ్చిన మనవాళ్లున్నారు. పటాలాల్లో వచ్చినవాళ్లు, రబ్బరు తోటల్లో పనికొచ్చినవాళ్లు, రేవుల్లో బరువులు మోసినవాళ్లు. టిక్కెట్టు కొనుక్కుని సరదాగా వచ్చినవాళ్లు కాదు. తిరుగు టిక్కెట్టు ఉన్నవాళ్లూ కాదు. వాళ్ల జాడ ఏ ప్యాకేజీ కాగితంలోనూ ఉండదు. ఇంట్లో పెద్దవాళ్లని అడిగితేనే తెలుస్తుంది. అది కూడా వాళ్లున్నప్పుడే అడగాలి.

రెండోది ఎవరికి?

ముస్తఫాలో కోడలి జాబితా సగమే పూర్తయింది. 'చాల్లెండి, పెర్ఫ్యూములు హైదరాబాద్‌లోనూ దొరుకుతాయి' అని ఆవిడే తేల్చేసింది. నాలుగున్నరకి బయటికొచ్చారు. సెరంగూన్ రోడ్డు మీద నడుస్తుంటే ఓ బట్టల కొట్టు ముందు నానమ్మ ఆగింది.

"ఒక్క నిమిషం."

కొట్టాయన తమిళుడు. ఆవిడ పంచె అంది. ఆయన వేష్టి అన్నాడు. తెల్లటి నూలు పంచె, సన్నటి ఆకుపచ్చ అంచు. అరచేత్తో నిమిరి చూసింది. ధర అడిగింది. కొడుకు రూపాయల్లోకి మార్చి చెబితే, ఇంకెప్పుడైనా అయితే 'ఇంతా!' అని కింద పెట్టేసేది. ఆ రోజు పెట్టలేదు.

"రెండివ్వమను."

"రెండెందుకమ్మా? తమ్ముడికా?"

"కాదురా. ఇద్దరున్నారు కదా."

కొడుక్కి వెంటనే అర్థంకాలేదు.

"మన ఆయనెవరో మనకి తెలియదు. రెండోవాడు కూడా మనవైపు పిల్లాడే అయ్యుంటాడు, పేరు చూస్తే తెలియట్లేదూ? వాళ్లింట్లో వాళ్లూ మనలాగే తెలీక ఊరుకున్నారో ఏమో. ఒకరికి పెట్టి ఒకరికి మానేస్తే, ఆ మానేసినవాడు మన పెదనాన్నే అయితేనో?"

ఆయన కాగితంలో చుట్టి ఇచ్చిన పొట్లాన్ని చాక్లెట్ల సంచిలో వేయనివ్వలేదు. తన చేతిసంచిలోనే పెట్టుకుంది.

సాయంత్రం ఆరింటికి చాంగీ విమానాశ్రయం చేరారు. 2019లో కట్టిన జ్యుయెల్ అనే అద్దాల భవనంలో, నలభై మీటర్ల ఎత్తునుంచి గుండ్రటి కప్పు మధ్యలోంచి నీళ్లు పడుతున్నాయి. చుట్టూ చెట్లు, పైనుంచి మెల్లగా పోతున్న రైలు. ప్రపంచంలో ఓ కప్పు కింద ఉన్న జలపాతాల్లో ఇదే ఎత్తయినదని మనవరాలు చదివి చెప్పింది. నాలుగు రోజులుగా నవ్విన నానమ్మ, కటకటాల దగ్గర నిలబడి నోరు తెరుచుకుని చూసింది.

"బావుందర్రా" అంది. ఆ ట్రిప్పులో ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.

విమానం ఎక్కేముందు తమ్ముడికి ఫోన్ చేసింది. అటువైపు గొంతు గట్టిగా వినబడుతోంది. చాక్లెట్లు తెస్తున్నావా అని, పిల్లలెలా ఉన్నారని. ఈవిడ అన్నిటికీ ఊఁ కొట్టి చివర్లో చెప్పింది.

"పెదనాన్న కనబడ్డాడురా."

అటు నిశ్శబ్దం.

"సంక్రాంతికి వస్తున్నా. ఈసారి ఇంకో రెండు విస్తళ్లు ఎక్కువ కోయించు."

2025 జనవరిలో, గోదావరి గట్టు పక్కన ఆ ఇంట్లో పెద్దలకి పెట్టుకున్నారు. తాతకి పంచె, నాయనమ్మకి చీర, నాన్నకి పంచె. దొడ్డమ్మ చీర పక్కన ఆకుపచ్చ అంచున్న తెల్ల పంచె ఒకటి. కొంచెం ఎడంగా, విడిగా వేసిన విస్తరి ముందు అలాంటిదే ఇంకొకటి.

అదెవరిదని ఇంటికొచ్చిన చుట్టాలు అడిగారు.

"సింగపూర్‌లో పెదనాన్నతో ఉన్నాయనది" అని చెప్పింది మనవరాలు.